గంట కొట్టేదాకా ఆగితే?

తెనాలి పక్కనున్న దుగ్గిరాల యార్డులో పసుపుకి ధర కట్టే పద్ధతికీ, ముంబైలో షేరుకి ధర కట్టే పద్ధతికీ ఒక తేడా ఉంది. పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ వేలంలో యార్డు వ్యాపారులు ఒక గడువులోపు తమ ధరలు నమోదు చేస్తారు. గడువు ముగిశాక ఎవరి ధర ఎక్కువైతే సరుకు వాళ్ళది. పొద్దున్నే రాసినవాడైనా, ఆఖరి నిమిషంలో రాసినవాడైనా, అక్కడ మాట్లాడేది ధర. షేర్ మార్కెట్లో అలా కాదు. పొద్దున 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా, ఎదుటివైపు సరిపడే ఆర్డరు దొరికిన మరుక్షణం బేరం తెగిపోతుంది. ఇద్దరు ఒకే ధర చెబితే ముందొచ్చినవాడిదే. ఆ 'ముందు' సెకనులో పదిలక్షో వంతైనా సరే.

మరి షేర్ మార్కెట్ కూడా విడతలవారీగా నడిస్తే? సెకనుకొకసారో, సెకనులో పదోవంతుకొకసారో గంట కొట్టి, అప్పటిదాకా వచ్చిన ఆర్డర్లన్నిటినీ ఒక కుప్పగా పోసి, అందరికీ ఒకే ధరకి తెంపేస్తే? పదేళ్ళ పైనుంచీ ఆర్థికశాస్త్రజ్ఞులు, నియంత్రణ సంస్థలు వాదించుకుంటున్న ప్రశ్న ఇది. దీన్ని కొత్త ఆలోచన అన్నట్టుగా చెబుతూ ఉంటారు. నిజానికి ఇది పాత అలవాటు. చాలా షేర్ మార్కెట్లు మొదట్లో నడిచింది ఇలాగే. ఎప్పుడు వదిలేశారు, ఎందుకు వదిలేశారు, వదిలేసినందువల్ల ఎవరికి లాభం అన్నది తెలుసుకుంటే, మళ్ళీ అటు వెళ్ళాలా వద్దా అన్నది కొంత తేలుతుంది.

మన పాటలు

ముందు మన ఊళ్ళలోకి వద్దాం. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల 'పాట' అనగానే అందరికీ సంగీతమే గుర్తుకురాదు. చీటీ పాట కూడా గుర్తొస్తుంది. నెలకొకసారి, చెప్పిన తేదీన, చెప్పిన వేళకి చీటీ పాట జరుగుతుంది. డబ్బు అవసరమున్నవాళ్ళు తామెంత వదులుకుంటారో పాడతారు. ఎక్కువ వదులుకున్నవాడు ఆ నెల చీటీ ఎత్తుకుంటాడు. వదులుకున్న సొమ్ములోంచి నిర్వాహకుడి కమిషన్ పోను మిగిలింది సభ్యులందరికీ పంచుతారు.

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించేది ఒక చిన్న నియమం. ఎంతవరకూ వదులుకోవచ్చో చట్టం ఒక హద్దు పెట్టింది. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం అది చీటీ మొత్తంలో 30 శాతం; 2019 సవరణతో 40 శాతమైంది. అవసరాలు గట్టిగా ఉన్న నెలల్లో ఇద్దరు ముగ్గురు ఆ హద్దుదాకా పాడేస్తారు. అప్పుడు చీటీ ఎవరికి? ముందు నోరు తెరిచినవాడికా? కాదు. లాటరీ తీస్తారు. పేర్లు రాసి డబ్బాలో వేసి, ఒకటి తీస్తారు. ధర సమానమైనప్పుడు వేగం చూడకూడదు, అదృష్టం చూడాలి అని ఆ చట్టం రాసినవాళ్ళకీ, అంతకుముందు నుంచీ చీటీలు నడిపినవాళ్ళకీ తోచింది. ముందు అరిచినవాడికే చీటీ అని ఉంటే ఏమయ్యేదో ఊహించండి. నిర్వాహకుడి బల్ల పక్క కుర్చీకి అద్దె పుట్టేది.

పంట అమ్మకాల చరిత్ర కూడా ఇలాంటిదే. వెనకటికి దేశంలో చాలా సంతల్లో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవాళ్ళు. కొనేవాడికీ దళారీకీ తప్ప ధర మూడోవాడికి తెలిసేది కాదు. సరుకు తెచ్చిన రైతు పక్కనే నిలబడి చూస్తూ ఉండేవాడు. దీన్ని మార్చాలని 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ చెప్పింది. మద్రాసు రాష్ట్రంలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1966లో ఇప్పటి మార్కెట్ యార్డుల చట్టం వచ్చింది. వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన ఒకటే: కొనేవాళ్ళందరూ ఒకచోట, ఒక వేళకి, ఒక సరుకు ముందు నిలబడాలి. అప్పుడే వాళ్ళలో వాళ్ళకి పోటీ పుడుతుంది.

పొగాకు సంగతీ అంతే. గుంటూరు కేంద్రంగా 1976లో పొగాకు బోర్డు ఏర్పడింది. వేలంకేంద్రాలు 1984లో కర్ణాటకలో, 1985లో ఆంధ్రలో మొదలయ్యాయి. అంతకుముందు రైతు ఒక్కో కొనుగోలుదారుడి గుమ్మానికీ విడిగా వెళ్ళాల్సి వచ్చేది. వేలం వచ్చాక బేళ్ళు వరసగా పేర్చి ఉంటే, కొనేవాళ్ళంతా గుంపుగా ఒక్కో బేలు ముందుకీ వచ్చారు. రైతు తిరగడం తగ్గి, కొనేవాడు తిరగడం మొదలైంది.

1871 దాకా

ఇదే పద్ధతి న్యూయార్క్‌లోనూ ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో ఎక్కువ కాలం అక్కడి ఎక్స్‌ఛేంజిలో అధ్యక్షుడు షేర్ల జాబితా పట్టుకుని ఒక్కొక్క పేరే చదివేవాడు. ఆ పేరు పిలిచినప్పుడే దాని బేరం. సభ్యులు తమ తమ కుర్చీల్లో కూర్చుని ధరలు చెప్పేవాళ్ళు. ఎక్స్‌ఛేంజి సభ్యత్వాన్ని 'సీటు' అనడం అప్పటి మాటే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి జాబితా పూర్తయ్యేది.

ప్యారిస్ మార్కెట్‌లోనూ ధరని కేకలతో, ఒక్కో షేరుకి విడిగా తేల్చేవాళ్ళు. 1874లో లియాన్ వాల్రాస్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు గిరాకీ, సరఫరా ఒక ధర దగ్గర ఎలా కలుస్తాయో గణితంలో చెప్పాడు. ఒకడు ధరలు పిలుస్తూ పోతాడు, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ సరిసమానమైన చోట ఆగుతాడు. ఆ బొమ్మ ఆయన బాగా ఎరిగిన మార్కెట్లలోంచే వచ్చింది. అంటే, ఇవాళ కాలేజీల్లో గిరాకీ-సరఫరా గీతలు గీసి పాఠం చెబుతున్నామే, ఆ గీతలు అచ్చంగా సరిపోయేది విడతల వేలానికి. మనం పాఠం ఒకటి చెబుతూ, మార్కెట్ ఇంకోటి నడుపుతున్నాం.

మరి ఎందుకు వదిలేశారు? అంతర్యుద్ధం తర్వాత అమెరికాలో రైలు కంపెనీల షేర్లు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. జాబితా పెరిగిపోయింది. తన షేరు పేరు పిలిచేదాకా కూర్చునే ఓపిక ఎవరికీ లేకపోయింది. 1871లో న్యూయార్క్ నిరంతర వ్యాపారానికి మారింది. ఒక్కో షేరుకి హాల్లో ఒక్కో చోటు కేటాయించారు. ఎవరికి కావాల్సినప్పుడు వాళ్ళు అక్కడికెళ్ళి బేరమాడుకోవచ్చు. ఒక్క మనిషి గొంతుతో వందల పేర్లు పిలవడం కుదరక వచ్చిన మార్పు ఇది. ఆ ఇబ్బంది కంప్యూటర్‌కి లేదు. వేల షేర్లకి ఒకేసారి, సెకనులో పదిసార్లు వేలం వెయ్యడం ఇవాళ దానికి పెద్ద పని కాదు. కారణం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది.

ఆకాశమార్గం, తర్వాత జేబురుమాలు

మన దేశంలో ఈ కథకి ఒక మంచి మలుపు ఉంది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజి షేర్ల వ్యాపారం మొదలుపెట్టింది. అప్పటిదాకా బొంబాయిలో రింగులో నిలబడి అరవాలి. మనవాళ్ళకి 1943లో పుట్టిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్‌ఛేంజి ఉన్నా, పెద్ద బేరాల ధరలు తేలేది బొంబాయిలోనే. ఎన్.ఎస్.ఇ. ఆ హాలు తీసేసి, దేశంలోని బ్రోకర్ల కంప్యూటర్లని ఉపగ్రహం ద్వారా కలిపింది. మేడ మీద ఒక డిష్ పెట్టుకుంటే చాలు, చిన్న ఊరి బ్రోకరు కూడా ముంబై బ్రోకరు చూసే తెరనే చూడొచ్చు.

ఇందులో అనుకోకుండా ఒక న్యాయం జరిగింది. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆర్డరు పైకెళ్ళి కిందికి రావడానికి 72,000 కిలోమీటర్లు. కాంతివేగంతో వెళ్ళినా పావు సెకను పడుతుంది. తెనాలి నుంచి పంపినా, ఎక్స్‌ఛేంజి ఎదురు మేడ మీంచి పంపినా అదే పావు సెకను. ఆకాశం అంత ఎత్తున ఉంటే, నేల మీద దూరాలు లెక్కలోకి రావు.

తర్వాత నేల మీద ఫైబర్ వచ్చింది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తెనాలి నుంచి ముంబైకి దారి వెయ్యి కిలోమీటర్లనుకుంటే, అయిదు మిల్లీసెకన్లు. ఉపగ్రహంతో పోలిస్తే దాదాపు యాభై రెట్లు మెరుగు. కానీ ఎక్స్‌ఛేంజి గోడ పక్కనున్నవాడికి అది మైక్రోసెకన్ల పని. అందరూ వేగంగా అయ్యారు, అందరి మధ్యా దూరం మాత్రం పెరిగింది. 2010 నాటికి ఎన్.ఎస్.ఇ. తన భవనంలోనే సర్వర్లు పెట్టుకునే చోటుని అద్దెకివ్వడం మొదలుపెట్టింది. దీన్నే కో-లొకేషన్ అంటారు.

మనవైపు రైళ్ళలో చూసే దృశ్యంతో దీన్ని పోల్చొచ్చు. తెనాలి నుంచి రేపల్లె బండి ఉంటుంది. బండి ఆగీ ఆగకముందే కిటికీలోంచి జేబురుమాలు వేసి సీటు ఆపేవాళ్ళుంటారు. అయినా బండి కదిలేది దాని వేళకే. ముందు ఎక్కినవాడూ వెనక ఎక్కినవాడూ రేపల్లెలో దిగేది ఒకేసారి. సీటు ఒక్కటే తేడా. ఇప్పుడు రైల్వేవాళ్ళే, తలుపు సరిగ్గా ఎక్కడ ఆగుతుందో ఆ చోట నిలబడే హక్కుని నెలనెలా అద్దెకిచ్చారనుకోండి. అద్దె కట్టగలిగినవాళ్ళు ఎవరైనా తీసుకోవచ్చు, నియమం అందరికీ ఒకటే అంటారు. మాటకి అది నిజమే. కానీ అప్పటినుంచి ప్రయాణికుల కష్టమంతా ప్రయాణం మీద కాదు, నిలబడే చోటు మీద పెడతారు.

ఎన్.ఎస్.ఇ. విషయంలో గొడవ ఇంకో మెట్టు లోతుకి వెళ్ళింది. ధరల సమాచారం కో-లొకేషన్‌లోని సర్వర్లకి ఒకేసారి కాకుండా ఒకరి తర్వాత ఒకరికి, కనెక్ట్ అయిన వరసలో వెళ్ళేది. పొద్దున్నే ముందు లాగిన్ అయినవాడికి ముందు అందేది. కోడ్ రాసేవాళ్ళకి ఇది తెలిసిన విషయమే. ఒక లూప్‌లో వందమందికి సందేశం పంపితే, మొదటివాడికీ నూరోవాడికీ మధ్య కొంత సమయం గడుస్తుంది. మామూలు సాఫ్ట్‌వేర్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. వేగమే ధరైన చోట అది కోట్ల మాట. 2019 ఏప్రిల్‌లో సెబీ, 624.89 కోట్ల రూపాయలు వడ్డీతో సహా కట్టమని ఎన్.ఎస్.ఇ.ని ఆదేశించింది. 2023 జనవరిలో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని పక్కన పెట్టి, తగిన జాగ్రత్త తీసుకోనందుకు 100 కోట్లు కట్టమంది. ఎవరిది తప్పు, ఎంత తప్పు అన్నది న్యాయస్థానాల పని. ఈ వ్యాసానికి కావాల్సింది వేరే: గంట కొట్టేదాకా ఆగే మార్కెట్లో ఈ తగువు పుట్టేదే కాదు. ముందు అందినా వెనక అందినా, ఆ విడత గడువులోపు అందితే చాలు కదా.

ప్రతిపాదన ఏమిటి?

2015లో ఎరిక్ బుడిష్, పీటర్ క్రామ్‌టన్, జాన్ షిమ్ అనే ముగ్గురు రాసిన పత్రం ఈ చర్చని ముందుకు తెచ్చింది. వాళ్ళ వాదనని పసుపు భాషలో చెప్పుకుందాం. అంకెలు ఊహించినవి.

ఒక వ్యాపారి దుకాణం ముందు బోర్డు పెట్టాడు: క్వింటా 12,000కి కొంటాను, 12,100కి అమ్ముతాను. అటూ ఇటూ ఉన్న వంద రూపాయల తేడా అతని బతుకుతెరువు. ఇంతలో నిజామాబాద్‌లో ధర 500 పెరిగిందని కబురొచ్చింది. కబురు అందరికీ ఒకేసారి తెలిసింది, రహస్యమేమీ లేదు. అతను బోర్డు చెరపడానికి పరిగెత్తాడు. అదే క్షణాన మరో తొంభైతొమ్మిది మంది, అతను చెరిపేలోపు 12,100కి కొనేయడానికి పరిగెత్తారు. అందరి కాళ్ళూ సమానమైతే, అతను గెలిచేది వందలో ఒకసారి. తక్కిన తొంభైతొమ్మిదిసార్లు నష్టపోతాడు. మరి రేపు ఏం చేస్తాడు? బోర్డు మీద తేడాని వంద నుంచి నూటయాభై చేస్తాడు. ఆ అదనపు యాభై ఎవరు కడతారు? కబురూ తెలియక, పరుగూ లేక, తన పాటికి తాను రెండు క్వింటాళ్ళు అమ్ముకోవడానికి వచ్చిన రైతు కడతాడు.

విడతల పద్ధతిలో బోర్డు చెరపడానికి అతనికి గంట కొట్టేదాకా సమయం ఉంటుంది. ఒకవేళ చెరపకపోయినా, తొంభైతొమ్మిది మంది ఒకే విడతలో వచ్చి పడతారు. ఎవరి కాళ్ళు ముందన్నది లెక్కలేదు కాబట్టి ఎవరి ధర ఎక్కువన్నదే తేలాలి. ధర 12,500 దగ్గరికి వెళుతుంది. పరుగుపందెం పాటగా మారుతుంది. వాదన మొత్తం ఇంతే.

ధర తేల్చడమూ తేలికే. ఒక విడతలో ముగ్గురు తలా ఒక బస్తాకి 12,400, 12,300, 12,100 ఇస్తామన్నారు. ముగ్గురు తలా ఒక బస్తా 12,000కి, 12,200కి, 12,500కి తగ్గితే ఇవ్వమన్నారు. 12,200కీ 12,300కీ మధ్య ఏ ధర పెట్టినా రెండు బస్తాలు చేతులు మారతాయి. ఆ ఇద్దరు కొనేవాళ్ళూ ఇద్దరు అమ్మేవాళ్ళూ ఒకే ధరకి వెళతారు. యార్డు వేలంతో ఇక్కడో తేడా ఉంది. పసుపు కుప్పలు ఒకదానిలా ఒకటి ఉండవు కాబట్టి ఒక్కో కుప్పకీ ఒక్కో పాట. షేర్లన్నీ ఒకటే కాబట్టి అందరికీ ఒకే ధర.

ఈ పరుగుకి ఖర్చెంత? షికాగో నుంచి న్యూజెర్సీ దాకా రానూపోనూ 13 మిల్లీసెకన్లలో సందేశం వెళ్ళడం కోసం కొండలు తొలిచి వేసిన ఫైబర్ లైను 2010లో మొదలైంది. దానికి 30 కోట్ల డాలర్లు అయ్యాయని అప్పట్లో పత్రికలు రాశాయి. తర్వాత లండన్ ఎక్స్‌ఛేంజిలో 2015 నాటి సందేశాలు తీసుకుని బుడిష్, మరో ఇద్దరు లెక్కగట్టారు. ప్రతి పెద్ద షేరులోనూ సుమారు నిమిషానికొక పరుగుపందెం. ఒక్కోటీ ముగిసేది అయిదు నుంచి పది మైక్రోసెకన్లలో. మొత్తం వ్యాపారంలో అయిదో వంతు పైగా ఈ పందేల్లోనే జరుగుతోంది. ప్రపంచం మొత్తానికి షేర్లలో ఈ భారం ఏడాదికి 500 కోట్ల డాలర్లని వాళ్ళ అంచనా. ఒక్కో బేరం మీద చూస్తే పిసరంత. అందుకే ఎవరికీ నొప్పి తెలియదు.

వద్దనేవాళ్ళ మాట

వద్దనేవాళ్ళ వాదనలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు.

మొదటిది: గడువు పెడితే అందరూ ఆఖరి క్షణం దాకా ఆగుతారు, పరుగు గడువు అంచుకి మారుతుందంతే. కొంత నిజం. దీనికి మన ఎక్స్‌ఛేంజి దగ్గరే ఒక జవాబుంది. 2010 అక్టోబరు నుంచీ పొద్దున 9 గంటలకి మొదలయ్యే ప్రీ-ఓపెన్ సెషన్ విడతల వేలమే. అందులో ఆర్డర్ల గడువు ఎనిమిదో నిమిషానికి సరిగ్గా ముగియదు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఏ సెకనులోనైనా కంప్యూటర్ చెప్పాపెట్టకుండా తలుపు మూసేస్తుంది. చీటీ డబ్బాలో లాటరీకి ఇది దూరపు చుట్టం. అంటే, రోజూ ధరకి మొదటి అంకె వేసేది ఈ పద్ధతే. రోజులో అతి ముఖ్యమైన ధరకి పనికొచ్చిన పద్ధతి, తక్కిన రోజుకి ఎందుకు పనికిరాదు?

రెండోది: తైవాన్. అక్కడి ఎక్స్‌ఛేంజి దశాబ్దాలపాటు విడతల్లోనే నడిచింది. చివరి రోజుల్లో అయిదు సెకన్లకొక విడత. 2020 మార్చిలో దాన్ని వదిలి నిరంతర వ్యాపారానికి మారిపోయింది. అంత బాగుంటే ఎందుకు వదిలారు? ప్రపంచమంతా ఒక దారిలో ఉంటే, ఒక్క ఊరు వేరే దారిలో ఉండటం కష్టం. పక్క మార్కెట్లో ధర క్షణక్షణం మారుతూ ఉంటే, ఇక్కడ అయిదు సెకన్లు చేతులు కట్టుకుని కూర్చోవడం పెద్ద మదుపరులకి నచ్చదు. అయితే అయిదు సెకన్లకీ, సెకనులో పదోవంతుకీ చాలా తేడా ఉంది. మనిషి కనురెప్ప ఒకసారి వాల్చి ఎత్తడానికి పట్టేంత సమయం ఆగితే, మనుషులెవరికీ నష్టం లేదు.

మూడోది: బేరాలే పెద్దగా లేని చోట గంట కొట్టి లాభమేమిటి? 2013లో సెబీ, చలనం లేని షేర్లకి గంటకొకసారి వేలం అనే పద్ధతి తెచ్చింది. నిజమే, గంటసేపు ఆపినంత మాత్రాన కొనేవాడు పుట్టుకురాడు. ఈ మందు పనిచేసేది రద్దీ ఉన్నచోట, పరుగు ఉన్నచోట.

నాలుగోదానికి మళ్ళీ యార్డులోకే రావాలి. గడువు పెట్టినంత మాత్రాన కొనేవాళ్ళు కుమ్మక్కవడం ఆగదు. పదిమంది వ్యాపారులు టీకొట్టు దగ్గర మాట్లాడుకుని వస్తే, రహస్య టెండరు కూడా తువ్వాలు కింద బేరమే. కర్ణాటకలో యార్డుల్ని ఆన్‌లైన్‌లో కలిపి టెండర్లు పిలిచిన పద్ధతి మీద 2020లో ఒక అధ్యయనం వచ్చింది. వరికి 5.1 శాతం, వేరుశెనగకి 3.6, మొక్కజొన్నకి 3.5 శాతం ధర పెరిగిందని తేల్చింది. నాణ్యత తేల్చడం కష్టమైన సరుకుల్లో అంత ఫలితం లేదు. గడువు ఒక్కటే కాదు, కొత్త కొనేవాళ్ళు రావడం, సరుకుని నమ్మకంగా పరీక్షించడం కూడా కావాలన్నమాట. 2016లో మొదలైన ఈ-నామ్ విషయంలో కూడా చూడాల్సింది ఇదే.

ఎవరికి మేలు?

2016 ఆగస్టులో సెబీ ఒక చర్చాపత్రం విడుదల చేసింది. వేగం సమస్యకి అది చెప్పిన మార్గాల్లో విడతల వేలం కూడా ఒకటి. 2018లో వచ్చిన చర్యలు మాత్రం వేరే దారి పట్టాయి. చిన్న బ్రోకర్లు కలిసి పంచుకోగలిగే కో-లొకేషన్, ఉచితంగా ధరల సమాచారం లాంటివి. అంటే ప్లాట్‌ఫారం మీద నిలబడే చోట్లు పెంచి, అద్దె తగ్గించారు. బండి తలుపు సంగతి అలాగే ఉంది.

ఇక్కడొక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. తెనాలిలోనూ బాపట్లలోనూ ఫోన్లో ఆప్షన్లు కొని డబ్బు పోగొట్టుకునే కుర్రవాళ్ళని విడతల వేలం కాపాడుతుందా? కాపాడదు. 2024 సెప్టెంబరులో సెబీ ఇచ్చిన లెక్క ప్రకారం మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైనే. ఆ నష్టం మిల్లీసెకన్ల వల్ల వచ్చింది కాదు. పాడకూడని పాట పాడటం వల్ల వచ్చింది. మార్కెట్ ఎంత న్యాయంగా గంట కొట్టినా, జూదానికి అది జవాబు కాదు. విడతల పద్ధతిని సమర్థించేవాళ్ళు దాన్ని సామాన్యుడి రక్షణ కవచంలాగా చూపిస్తే, అది వాళ్ళ వాదనకే చేటు.

దానివల్ల మేలు జరిగేది ఇంకొకళ్ళకి. నెలనెలా జీతంలో కోసిన భవిష్యనిధి సొమ్ము, సిప్‌లో వేసిన రెండువేలు, పెద్ద ఫండ్ల ద్వారా మార్కెట్లోకి వెళుతుంది. పందెంలో పరిగెత్తలేక, ఆ యాభై రూపాయల తేడాని కడుతున్నది ఆ ఫండ్లు. అంటే, షేర్ మార్కెట్ మొహం చూడనివాళ్ళు కూడా కడుతున్నారు. ఇంకో నష్టం లెక్కకి రానిది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివిన మంచి బుర్రలు కొన్ని, ఒక సందేశాన్ని మైక్రోసెకను ముందు పంపడం ఎలా అన్నదాని మీద ఖర్చవుతున్నాయి. ఆ పనిలో తెలివి ఉంది, కష్టముంది. పక్కవాడూ అంతే ముందుకొచ్చాక మిగిలేది మాత్రం ఏమీ లేదు.

నా మటుకు నాకు, రద్దీగా ఉండే పెద్ద షేర్లలో కొన్నిటిని ఒక ఏడాదిపాటు సెకనులో పదోవంతు విడతల్లో నడిపి, అంకెలు బయటపెట్టి చూడటం సబబనిపిస్తుంది. కొనుగోలు ధరకీ అమ్మకం ధరకీ మధ్య తేడా తగ్గితే ఉంచొచ్చు. తగ్గకపోతే తీసేయొచ్చు. పాత సంతల్లో తువ్వాలు తీసేయడానికి ఒక కమిషనూ రెండు చట్టాలూ కావాల్సి వచ్చాయి. ఇక్కడ మార్చాల్సింది ఒక ప్రోగ్రాములో, ఆర్డర్ల వరసని నిర్ణయించే చిన్న ముక్క. కష్టం కోడ్‌లో లేదు. ప్లాట్‌ఫారం మీద చోటు అద్దెకిచ్చి సంపాదిస్తున్నవాడినే, ఆ చోటు వృథా అని ఒప్పుకోమని అడగాలి. కష్టమంతా అక్కడుంది.